ఊరు మారిన పిల్లకి బడి వెతకడం

ఊరు మారి వచ్చిన పిల్లకి మంచి బడి వేరు, పుట్టినప్పట్నుంచీ ఆ వీధిలోనే పెరిగిన పిల్లకి మంచి బడి వేరు. ప్రీస్కూల్ వెతికేవాళ్ళందరికీ ఒకే జాబితా చేతికొస్తుంది: శుభ్రంగా ఉందా, ఆడుకోడానికి చోటుందా, కెమెరాలున్నాయా, ఏ పద్ధతిలో నేర్పుతారు, ఫీజెంత. అడగాల్సినవే, కాదనను. కానీ ఉన్న ఇల్లు, ఆడుకునే పిల్లలు, రోజూ పలకరించే ఇరుగుపొరుగు అంతా ఒక్కసారే దూరమైన మూడేళ్ళ పిల్లకి ముందు కావాల్సింది ఆ జాబితాలో లేదు. ఆ పిల్లకి ఒక మనిషి కావాలి. రోజూ ఉదయం గుమ్మంలో అదే ముఖం కనపడాలి. పేరు పెట్టి పిలవాలి, ఏడిస్తే ఎత్తుకోవాలి, నెల తిరిగేసరికి మాయమైపోకూడదు. అలాంటి మనిషి ఉన్న బడే ఆ పిల్లకి మంచి బడి అని నేను గట్టిగా నమ్ముతాను. మిగతావన్నీ ఆ తర్వాతే చూడాలి.

మేం ఊరు మారినప్పుడు మా అమ్మాయికి మూడేళ్ళు నిండుతున్నాయి. మాకు అది ఉద్యోగం మారడం, ఇల్లు మారడం. దానికి తెలిసిన లోకమంతా మారిపోయింది. రాత్రిపూట లేచి "మనింటికి పోదాం" అనేది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. నేను స్నానానికి వెళ్తే బయట తలుపుకి ఆనుకుని కూర్చునేది. ఇది జబ్బూ కాదు, మొండితనమూ కాదు. పెద్ద మార్పు వచ్చినప్పుడు ఈ వయసు పిల్లలు కొన్నాళ్ళపాటు నేర్చుకున్న పనుల్లో వెనక్కి వెళ్ళడం మామూలేనని పిల్లల డాక్టర్లు చెప్తారు. నా బెంగల్లా ఒకటే. సరిగ్గా ఇలాంటి స్థితిలో ఉన్న పిల్లనే కదా మనం తీసుకెళ్ళి, ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య వదిలి, చెయ్యూపి వచ్చేస్తాం!

పసిపిల్లలు మనుషుల్ని ఎలా అంటిపెట్టుకుంటారన్న విషయం మీద జీవితకాలం పనిచేసిన ఇద్దరున్నారు: జాన్ బౌల్బీ, ఆయనతో కొన్నేళ్ళు లండన్‌లో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్. ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండాలో, ఆ తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో తల్లుల్నీ పసిపిల్లల్నీ దగ్గరుండి గమనించింది. కొత్త గదిలో బొమ్మలు పెట్టి, తల్లి ఉన్నప్పుడూ లేనప్పుడూ ఏడాది వయసు బిడ్డ ఏం చేస్తుందో చూసింది. తల్లి ఉన్నంతసేపూ చాలామంది పిల్లలు బొమ్మల దగ్గరికి వెళ్తారు, మధ్యమధ్య వెనక్కి తిరిగి చూసుకుంటారు, మళ్ళీ ఆటలో పడతారు. తల్లి బయటికి వెళ్ళగానే ఆట తగ్గిపోతుంది. గదీ అదే, బొమ్మలూ అవే. మూడేళ్ళ పిల్ల ఏడాది బిడ్డకంటే చాలా నయం, నిజమే. కానీ ఊరు మారిన కొత్తలో మూడేళ్ళ పిల్లా ఆ పాత బెదురుకి దగ్గరగానే ఉంటుంది. తల్లీ తండ్రీ లేని ఆ గదిలో వాళ్ళ చోటుని కాసేపైనా నింపే పెద్దవాళ్ళు ఒకరు లేకపోతే, అరల్లో ఎంత ఖరీదైన సామాను సర్దిపెట్టినా దాని చెయ్యి అటు వెళ్ళదు.

అందుకే బడి చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న: "మా పాప ఏ టీచర్ దగ్గర ఉంటుంది? ఆవిడ ఇక్కడ ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారు?" ఈ ప్రశ్నకి వచ్చే జవాబుకంటే, జవాబు రావడానికి ముందు జరిగేదే ఎక్కువ చెప్తుంది. కొన్నిచోట్ల హెడ్ టీచర్ వెంటనే లేచి క్లాసుకి తీసుకెళ్ళి పరిచయం చేస్తుంది. కొన్నిచోట్ల "మా టీచర్లందరూ శిక్షణ పొందినవాళ్ళే" అని మాట దాటేస్తారు. అడిగింది శిక్షణ గురించి కాదు. ఇంకా ముందుకెళ్ళి అడగండి: ఈ ఏడాదిలో ఎంతమంది టీచర్లు మానేశారు? టీచర్ సెలవు పెడితే ఆ రోజు క్లాసులో ఎవరుంటారు? పిల్లలకి తెలిసినవాళ్ళా, కొత్తవాళ్ళా? ఆయా ఎన్నాళ్ళుగా ఉంది? ఆయా గురించి అడగడం మర్చిపోవద్దు. చిన్నపిల్లల బడిలో బట్టలు మార్చేది, మూతి తుడిచేది, నిద్రపుచ్చేది చాలాసార్లు ఆవిడే. పిల్ల మొదట మాలిమి అయ్యేదీ ఆవిడకే కావచ్చు.

టీచర్లు నిలవని బడి ఏ పిల్లకైనా మంచిది కాదు. కానీ ఇంటి చుట్టూ తాతలు, అత్తలు, తెలిసిన పక్కింటివాళ్ళు ఉన్న పిల్ల ఒక టీచర్ వెళ్ళిపోతే తట్టుకుంటుంది. కొత్త ఊళ్ళో మన పిల్లకి అమ్మానాన్నా కాకుండా తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ టీచరే. ఆవిడ మానేసిందంటే పిల్లకి మళ్ళీ ఊరు మారినంత పని.

రెండో ప్రశ్న అలవాటు చేసే పద్ధతి గురించి. "మొదటి వారం ఎలా ఉంటుంది?" అని అడిగితే ఎక్కువచోట్ల వినిపించే సమాధానం ఇది: "గేటు దగ్గర వదిలి వెళ్ళిపోండి, వెనక్కి తిరిగి చూడొద్దు, నాలుగు రోజులు ఏడుస్తారు, తర్వాత వాళ్ళే సర్దుకుంటారు." ఈ మాట చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. గేటు దగ్గర అరగంటసేపు బతిమాలుతూ నిలబడితే పిల్లకి మరీ కష్టమన్నదీ నిజమే. అయినా ఈ పద్ధతితో నాకు పెద్ద తగాదా ఉంది. ఏడుపు ఆగడాన్నే సర్దుకోవడంగా లెక్కపెడుతుంది ఇది.

బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రుల్లో తల్లికి దూరంగా ఉంచిన చిన్నపిల్లల్ని 1940ల చివర్నుంచి గమనించాడు. 1952లో ఒక రెండేళ్ళ పాప ఆసుపత్రి రోజుల్ని సినిమాగా తీసి డాక్టర్లకి చూపించాడు. మొదట పిల్లలు ఎదురు తిరిగి గట్టిగా ఏడుస్తారు, తర్వాత దిగులుతో మూగబోతారు, ఇంకా సాగితే తల్లి వచ్చినా పట్టనట్టు ఉంటారు అని ఆయన వరస కట్టాడు. మూగబోయిన పిల్లల్ని చూసి ఆసుపత్రివాళ్ళు "చక్కగా సర్దుకుంది" అనుకునేవారు. బడిలో గడిపే మూడు గంటలూ ఆసుపత్రిలో గడిపే రోజులూ ఒకటి కావు, ఆ రెంటినీ సమానం చేసి ఎవర్నీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నేను తీసుకున్నది ఒక్క సంగతే: నిశ్శబ్దంగా ఉన్న పిల్ల సంతోషంగా ఉందని అనుకోకూడదు. ఏడుపు ఆపేసి మూల కూర్చుని తలుపు వైపు చూస్తున్న పిల్ల వేరు, ఏడుపు ఆపి టీచర్ చీర కొంగు పట్టుకుని తిరుగుతున్న పిల్ల వేరు. రెండో పిల్ల సర్దుకుంటోంది. మొదటి పిల్లకి ఇంకా ఎవరూ దొరకలేదు.

ఇంతకంటే మెరుగైన పద్ధతులు ఉన్నాయి, కొన్ని దేశాల్లో అవే మామూలు. జర్మనీలో చాలా బడులు అనుసరించే బెర్లిన్ పద్ధతి ఒకటుంది. మొదటి 3 రోజులు తల్లో తండ్రో పిల్లతోపాటే గదిలో ఉంటారు, పక్కన ఊరికే కూర్చుంటారు, విడిపోయే మాటే లేదు. ఆ రోజుల్లో ఒక టీచర్ మెల్లగా పిల్లకి చేరువవుతుంది. 4వ రోజున తల్లి చెప్పి బయటికి వెళ్తుంది, మహా అయితే అరగంట. పిల్ల ఏడ్చినా టీచర్ ఊరడిస్తే ఊరుకుంటే, ఆ వ్యవధి రోజురోజుకీ పెంచుతారు. ఊరుకోకపోతే తల్లిని వెంటనే పిలిచి, ఇంకొన్ని రోజులు కలిసే ఉండనిస్తారు. అలవాటు అయిందా లేదా అన్నదానికి వాళ్ళ కొలత నాకు చాలా నచ్చింది. పిల్ల ఏడవకుండా ఉండాలని కాదు, బాధ కలిగినప్పుడు ఆ టీచర్ దగ్గర ఊరట పొందాలి.

మనకి దొరికే బడి ఈ పద్ధతి పేరు విని ఉండకపోవచ్చు. పేరుతో పనిలేదు. "మొదటి రెండు మూడు రోజులు నేను క్లాసులో ఒక మూల కూర్చోవచ్చా? మొదటి వారం గంటసేపే పంపి, తర్వాత పెంచొచ్చా?" అని అడగండి. మేం చూసిన ఒక బడిలో ఈ ప్రశ్నకి "తల్లిదండ్రులకి లోపలికి ప్రవేశం లేదు, మా నియమం" అన్నారు. గోడల మీద బొమ్మలు, గదుల నిండా వెలుగు, ఆ పేటలో అందరూ పొగిడే బడి అది. మేం దణ్ణం పెట్టి వచ్చేశాం. చివరికి చేర్పించిన చోట టీచర్ నన్నే అడిగింది, "ఎన్ని రోజులు కూర్చోగలరు మీరు?" అని. ఆ ఒక్క ప్రశ్నతో సగం నిర్ణయం అయిపోయింది.

ఇక్కడ నాతో వాదించేవాళ్ళున్నారు. ప్రేమగా చూసుకోవడానికైతే ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదా, బడికి పంపేది చదువు కోసం, పద్ధతి మంచిదా కాదా ముందు చూడాలి అంటారు. ఈ వాదనని నేను తేలిగ్గా తీసుకోను. పద్ధతుల వెనక గొప్ప మనుషులున్నారు. ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని ఒక చిన్న ఊళ్ళో ఆటే చదువుగా చిన్నపిల్లల బడి మొదలుపెట్టాడు. మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో తన మొదటి బాలగృహం తెరిచింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇటలీలోనే రెజ్జో ఎమీలియా ప్రాంతంలో తల్లిదండ్రులే ఇటుకలు మోసి బడులు కట్టుకుంటే, లోరిస్ మలగుజ్జి వాళ్ళతో చేరి మరో దారి వేశాడు. ఈ ముగ్గురి పనిలోనూ పెద్దవాళ్ళు పిల్లని ఓపిగ్గా గమనించడమే పునాది. అది లేకుండా మాంటిస్సోరి బడుల్లో కనపడే గులాబీ రంగు చెక్కదిమ్మెలు మాత్రం కొనుక్కుంటే పద్ధతి వచ్చేయదు. పైగా మాంటిస్సోరి అన్న పేరు ఎవరి సొత్తూ కాదు, చాలాచోట్ల ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. అందుకని బోర్డు చూసి ఆగిపోకుండా టీచర్ ఎక్కడ శిక్షణ పొందిందో అడగండి. మాంటిస్సోరి తానే 1929లో స్థాపించిన అంతర్జాతీయ సంఘం ఇప్పటికీ టీచర్లకి శిక్షణ ఇస్తోంది.

చిన్నవయసు చదువు జీవితాన్ని మారుస్తుందని చెప్పేటప్పుడు అందరూ ఉదాహరణగా చూపించే ప్రయోగం ఒకటుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి అనే ఊళ్ళో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్. పేద కుటుంబాల నుంచి 123 మంది పిల్లల్ని తీసుకుని, కొందరికి బడి చెప్పి, కొందరికి చెప్పకుండా, వాళ్ళకి 40 ఏళ్ళు వచ్చేదాకా వెంట ఉండి చూశారు. బడికి వెళ్ళినవాళ్ళు చదువులోనూ సంపాదనలోనూ మెరుగ్గా ఉన్నారు. ఈ ఫలితాన్ని ప్రకటనల్లో వాడుకునేవాళ్ళు ఒక సంగతి చెప్పరు. అక్కడ ఒక్కో టీచర్ దగ్గర ఉన్నది ఐదారుగురు పిల్లలే. ఆ టీచర్లే వారానికోసారి ప్రతి పిల్ల ఇంటికీ వెళ్ళి గంటన్నరసేపు తల్లితో, పిల్లతో గడిపేవాళ్ళు. అంటే ఆ బడిలో ప్రతి పిల్లకీ తన ఇల్లు తెలిసిన టీచర్ ఉంది. వాళ్ళు చెప్పిన పాఠాలు ఏవైనా కావచ్చు, నాకు కళ్ళకి కట్టినట్టు కనపడేది ఇదే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. అదే దేశంలో టెన్నెసీ రాష్ట్రం నాలుగేళ్ళ పిల్లల కోసం నడిపిన ప్రీ-కె బడులకి వెళ్ళిన పిల్లలు, దరఖాస్తు పెట్టి సీటు రానివాళ్ళకంటే ఆరో తరగతికి వచ్చేసరికి పరీక్షల్లో వెనకబడ్డారని 2022లో పరిశోధకులు ప్రకటించారు. కారణాల మీద ఇంకా వాదోపవాదాలున్నాయి. కానీ బడి అన్న పేరుంటే చాలు, ఎంత తొందరగా పంపితే అంత మంచిది అన్న నమ్మకానికి ఈ ఫలితం గట్టిగానే అడ్డు నిలుస్తుంది.

పిల్లల సంఖ్య సంగతి. అమెరికాలో చిన్నపిల్లల చదువు మీద పనిచేసే జాతీయ సంఘం రెండున్నర నుంచి నాలుగేళ్ళ పిల్లలకి ఒక్కో పెద్దమనిషికి 9 మందిని మించొద్దని, గదిలో మొత్తం 18 మంది దాటొద్దని సూచిస్తుంది. నాలుగు నుంచి ఐదేళ్ళకి 10 మంది, గదిలో 20. ఈ అంకెని బడివాళ్ళని అడిగితే మొత్తం పిల్లల సంఖ్యని మొత్తం సిబ్బంది సంఖ్యతో భాగించి చెప్తారు, ఆ సిబ్బందిలో వంటావిడా డ్రైవరూ కూడా ఉంటారు. మీరే తలుపు దగ్గర నిలబడి గదిలో తలలు లెక్కపెట్టుకోండి. లెక్కపెట్టేది మధ్యాహ్నం, లేదా సాయంత్రం చివరి గంటలో. ఉదయం పది గంటలకి ఏ బడి అయినా కళకళలాడుతూనే ఉంటుంది.

కొత్త ఊళ్ళో మనకున్న అసలు ఇబ్బంది, అడగడానికి మనిషి లేకపోవడం. పాత ఊళ్ళో అయితే ఏ బడిలో ఏం జరుగుతోందో అడగకుండానే చెవిన పడుతుంది. ఇక్కడ ఇంటర్నెట్లో చుక్కల రేటింగులు తప్ప ఏమీ ఉండవు. ఐదు చుక్కలు ఇచ్చినవాళ్ళు పిల్లని చేర్పించిన సంబరంలో ఇచ్చారో, ఏడాది చూసి ఇచ్చారో తెలియదు. నాకు వాటికంటే ఎక్కువ పనికొచ్చింది బడి వదిలే వేళకి గేటు బయట నిలబడటం. పిల్లలు ఎలా బయటికి వస్తారో కంటే, టీచర్ తల్లిదండ్రులతో ఏం మాట్లాడుతుందో వినాలి. "ఈవేళ బాగుంది, బై" అని అందరికీ ఒకే మాట చెప్పి పంపే టీచర్లున్నారు. "వంతెన కట్టాడు, పడిపోయింది, కాసేపు అలిగాడు, మళ్ళీ కట్టాడు" అని చెప్పే టీచర్లున్నారు. రెండోవాళ్ళు ఆ పిల్లాణ్ణి చూశారు. పార్కులో కనపడే తల్లుల్ని అడిగేటప్పుడు కూడా, ఏ బడి మంచిది అని కాకుండా, "ఏ బడి మాన్పించారు, ఎందుకు?" అని అడగండి. మంచిది అన్న మాట అందరూ మొహమాటానికైనా అంటారు. మాన్పించినవాళ్ళ దగ్గర మాత్రం నిజమైన కారణాలుంటాయి. అవి మీకు ముఖ్యం కాకపోవచ్చు కూడా. "అక్షరాలు రాయించట్లేదు" అని ఒకావిడ మాన్పించిన బడినే మేం వెళ్ళి చూశాం.

క్లాసులో కూర్చునే అవకాశం దొరికితే, గోడల్ని చూడకండి, మాటలు వినండి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ పియాంటా బృందం తయారుచేసిన ఒక కొలమానం ఉంది. చాలా దేశాల్లో ప్రీస్కూళ్ళ నాణ్యతని దాంతో అంచనా వేస్తారు. అది చూసేదంతా టీచర్‌కీ పిల్లలకీ మధ్య జరిగే వ్యవహారాన్నే: ఆప్యాయత ఉందా, గది గందరగోళం లేకుండా నడుస్తోందా, పిల్ల ఆలోచించేలా మాట సాగుతోందా. మనమూ అంతే చూడొచ్చు. టీచర్ కిందికి వంగి మాట్లాడుతోందా? పిల్ల చెప్పింది విని, దానికి జవాబు చెప్పి, మళ్ళీ పిల్ల మాట్లాడేదాకా ఆగుతోందా? పాలో నీళ్ళో ఒలికితే ఏమంటోంది? నిక్కర్లో పోసుకున్న పిల్లవాణ్ణి ఎలా తీసుకెళ్తోంది? ఈ చివరిదాన్ని చూడగలిగితే ఇంకేం చూడక్కర్లేదు. నలుగురి ముందూ సిగ్గుపడేలా చేసే బడిలో, ఊరు మారి పక్క తడుపుతున్న పిల్లని ఒక్క పూట కూడా ఉంచకూడదు.

భాష మారిందంటే ఇంకో చిక్కు. ఇంట్లో ఒక భాష, బడిలో వేరే భాష అయితే చాలామంది పిల్లలు కొన్ని వారాలో నెలలో బడిలో అస్సలు నోరు విప్పరు. వింటూ ఉంటారు. బడివాళ్ళు దీన్ని వెనకబాటుగా చూసి "ఇంట్లో కూడా మా భాషే మాట్లాడండి" అని సలహా ఇస్తే, దయచేసి ఆ సలహా తీసుకోకండి. ఊరు పోయింది, ఇల్లు పోయింది, అమ్మ మాట కూడా పోవాలా? నీళ్ళు, బాత్రూం, నొప్పి, నిద్ర, అమ్మ, భయం వంటి మాటలు మన భాషలో నేర్చుకోడానికి టీచర్ సిద్ధంగా ఉందో లేదో చూడండి. అంతమాత్రం కష్టపడని చోట పిల్ల తన బాధ ఎవరికి చెప్పుకుంటుంది?

దూరం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. దగ్గరిదే మేలు. ప్రయాణంలో అలిసిపోవడమే కాదు, దగ్గరి బడిలో చేరే పిల్లలు సాయంత్రం వీధిలో కూడా కనపడతారు, కొత్త ఊరు సొంత ఊరవడం అక్కడే మొదలవుతుంది.

ఎప్పుడు చేర్పించాలన్నదాని మీద మాత్రం నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. వీలుంటే సామాన్లు దింపిన మరుసటి వారమే వద్దు. కొత్త ఇల్లు ఇల్లయ్యేదాకా, పిల్ల నిద్ర కుదుటపడేదాకా ఆగండి. వీలుండదని నాకు తెలుసు, కొత్త ఉద్యోగంలో ఎవరూ సెలవివ్వరు. అప్పుడైనా భార్యాభర్తలు వంతులేసుకుని మొదటి వారాన్ని కాపాడుకోండి, మిగతా ఏర్పాట్లు తర్వాత చూసుకోవచ్చు. "ముందు ఏదో ఒకదాంట్లో పడేద్దాం, తీరిగ్గా మంచిది వెతుకుదాం" అన్న ఆలోచన పెద్దలకి తెలివిగా అనిపిస్తుంది కానీ, పిల్లకి అప్పుడే మాలిమి అయిన టీచర్ని కూడా మూడు నెలలకి దూరం చేస్తుంది. అన్ని హంగులూ ఉన్న రెండో బడికంటే, సాదా బడిలో నిలిచి ఉండటం ఆ ఏడాది దానికి మేలు చేస్తుంది. పిల్లల్ని కొట్టినా, సిగ్గుపరిచినా, తల్లిదండ్రుల్ని గుమ్మం తొక్కనివ్వకపోయినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఇంకో పని ఊరు వదలకముందే చేసుకోవాలి. పాత బడి ఉంటే, పిల్లని తీసుకెళ్ళి టీచర్‌కీ స్నేహితులకీ వెళ్ళొస్తానని చెప్పించి, ఫొటో తీయించుకోండి. చెప్పకుండా మాయం చేస్తే మర్చిపోతారులే అనుకుంటాం, వాళ్ళు మర్చిపోరు. ఆ టీచర్ని ఒక కాగితం రాసివ్వమని అడగండి. బడే లేకపోతే మీరే రాయండి. దేనికి భయపడుతుంది, ఎలా ఊరడిస్తే ఊరుకుంటుంది, బాత్రూం వస్తే ఏమంటుంది, పడుకునేటప్పుడు చేతిలో ఏముండాలి, కోపం వస్తే ఎంతసేపు ఒంటరిగా వదలాలి. దాన్ని అడ్మిషన్ ఫారంతో కలిపి ఆఫీసులో ఇవ్వకండి. టీచర్ చేతికిచ్చి, అక్కడే నిలబడి, చదివి వినిపించండి. వారం తర్వాత కూడా ఆవిడకి అందులోది ఏదీ గుర్తులేదనిపిస్తే, మొహమాటపడకుండా మళ్ళీ చెప్పండి.